కొలబద్ద సర్కారు బడికేనా?

కరోనా కారణంగా 2021లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. బడులు తామే పెట్టుకొని, తామే దిద్దుకొన్న ఎఫ్‌ఏ-1 మార్కుల ఆధారంగా గ్రేడ్లు ప్రకటించారు. సుమారు 5 లక్షల 21 వేల మందిలో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది జీపీఏ వచ్చింది. 2023లో రాతపరీక్షలు జరిగి, జవాబు పత్రాలను బయటి ఉపాధ్యాయులు దిద్దినప్పుడు ఆ ఘనత దక్కినవారు 6,163 మంది. రెండేళ్ళలో పిల్లల తెలివి తరిగిపోలేదు. దిద్దే చెయ్యి మారిందంతే.

ఆ గ్రేడ్లను ప్రకటించిన ప్రభుత్వమే వాటిని నమ్మలేకపోయింది. అందుకే ఆ ఏడాది బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాలకు పదో తరగతి గ్రేడ్లను పక్కనపెట్టి పాలిసెట్‌ను ఆశ్రయించింది. ఆంధ్రప్రదేశ్‌లో సైతం 2020లో ట్రిపుల్ ఐటీలకు ప్రత్యేక ప్రవేశ పరీక్ష పెట్టవలసి వచ్చింది. అంటే ప్రైవేటు బడి తన పిల్లలకు తాను వేసుకొనే మార్కులకు విలువ లేదని పాలకులకు తెలుసు. తెలిసీ, కరోనా వంటి ఆపద వచ్చినప్పుడు తప్ప ఆ ముచ్చట ఎత్తరు.

ఇది కులం ప్రశ్న ఎలా అవుతుందని అడిగేవారుంటారు. 2008లో ఈ ట్రిపుల్ ఐటీలను స్థాపించినప్పుడు ప్రకటించిన ఉద్దేశమే గ్రామీణ ప్రాంతాల ప్రతిభ గల పేదపిల్లలకు సాంకేతిక విద్య అందించడం. ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివినవారి జీపీఏకు 0.4 కలిపే పద్ధతి పెట్టింది కూడా అందుకే. ఆ బడుల్లో కూర్చునే పిల్లలు ఎవరో వేరే చెప్పనక్కర లేదు. మాదిగవాడ, మాలపల్లె, తండా, కుమ్మరి, చాకలి, గొల్ల ఇళ్ళ పిల్లలు. తెలంగాణలో 2014-15 నుంచి పదో తరగతిలో నూటికి 20 మార్కులు బడి చేతిలో ఉన్నాయి. ఆ ఇరవైకి ఇరవై వేసుకోవడానికి అడ్డూ అదుపూ లేని చోట, 0.4 అనే సామాజిక న్యాయం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ముందు తలుపు దగ్గర ఇచ్చిన దాన్ని పెరటి తలుపున పట్టుకుపోవడమే ఇది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఈ అంతర్గత మార్కులను తీసివేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసివేస్తున్నట్టు ప్రకటించి, వెంటనే మరుసటి ఏడాదికి వాయిదా వేసింది.

పదో తరగతి దాకా ఎందుకు, అంతకు ముందరి తొమ్మిదేళ్ళ సంగతి చూడండి. సర్కారు బడి పిల్లవాణ్ణి కొలవని వారు లేరు. తొలిమెట్టు కొలుస్తుంది, ఎంఈఓ వచ్చి కొలుస్తాడు, ఏటా ఎవరో ఒకరు వచ్చి పలక పట్టుకొని రెండంకెల తీసివేత చేయమంటారు. ఆ ఫలితాలు మర్నాడు పత్రికల్లో పతాక శీర్షికలవుతాయి: ‘అయిదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు’. జాతీయ సాధన సర్వే 2017లో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే పరిమితమైంది. 2021లో గాని గుర్తింపు పొందిన ప్రైవేటు బడులను అందులో చేర్చలేదు. అది నమూనా సర్వే కనుక ఫలానా వీధిలోని ఫలానా బడి ఏం నేర్పుతోందో ఇప్పటికీ అది చెప్పదు. పల్లెబడి పంతులు వైఫల్యం జాతీయ వార్త. ప్రైవేటు బడి వైఫల్యం మాత్రం ఆ తల్లిదండ్రుల ఇంటి గుట్టు.

మా వాడలో ఒక తల్లి ఇళ్ళలో పాచిపని చేసి కొడుకును ఇంగ్లీషు మీడియం బడికి పంపుతుంది. ఒకసారి ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చూపింది. అన్ని గడుల్లోనూ ఎ ప్లస్. పిల్లవాడు అయిదో తరగతి. అతని ఇంగ్లీషు వాచకం తెరచి ఒక పేరా చదవమన్నాను. బొమ్మ కింద ఉన్న మాటను బొమ్మ చూసి చెప్పాడు, మిగతావి చెప్పలేకపోయాడు. తెలుగు అంతకంటే కష్టమైంది. ఆ తల్లికి చదువు రాదు. ఆ కార్డు తప్ప ఆమెకు మరో ఆధారం లేదు. నెలనెలా ఆమె కట్టే డబ్బుకు ఇచ్చే రశీదులాంటిదే ఆ కార్డు. అగ్రకుల మధ్యతరగతి ఇంట్లో అమ్మ పుస్తకం తీసి చూస్తుంది, లోపం కనబడితే ట్యూషన్ పెడుతుంది, లేదా బడి మారుస్తుంది. మూడు తరాల చదువు వారికి బడి మీద తనిఖీ అధికారిగా పనిచేస్తుంది. మొదటి తరం చదువరులకు ఆ అధికారి ఇంట్లో లేడు. బయటి నుంచి రావలసిందే.

ప్రైవేటు అనగానే మేలు అనే నమ్మకానికి మన నేల మీదనే ఒక పరీక్ష జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి, సర్కారు బడి పిల్లలు కొందరికి ప్రైవేటు బడి ఫీజు భరించి పంపారు. నాలుగేళ్ళ తర్వాత లాటరీ తగిలినవారికి, తగలనివారికి ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి చూస్తే తెలుగులో, గణితంలో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. 2015లో ఆ అధ్యయనం అచ్చయింది. ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు లోపే అని కూడా అందులో తేలింది కనుక, దాన్ని ప్రైవేటు వాదులు తమకు అనుకూలంగా చెప్పుకొంటారు. చెప్పుకోనివ్వండి. నాకు అందులో ముఖ్యమైన మాట వేరు: ఇద్దరికీ ఒకే కొలబద్ద పెట్టేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు.

అందుచేత అయిదు, ఎనిమిది తరగతుల చివర సర్కారు, ప్రైవేటు, గురుకులం అనే భేదం లేకుండా అందరికీ ఒకే ప్రామాణిక పరీక్ష ఉండాలి. ఆ బడి పంతుళ్ళు కాక వేరే బడి పంతుళ్ళు దాన్ని నిర్వహించాలి, దిద్దాలి. ఇది ప్రైవేటు యాజమాన్యాలకు రుచించదని వేరే చెప్పాలా? కర్ణాటక ప్రభుత్వం అయిదు, ఎనిమిది తరగతులకు బోర్డు తరహా పరీక్ష పెట్టబోతే అన్‌ఎయిడెడ్ బడుల సంఘాలు హైకోర్టుకు వెళ్ళాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా నడిచింది. పసిపిల్లల మీద ఒత్తిడి అన్నది వారి వాదాల్లో ఒకటి. ఎల్‌కేజీ సీటుకు ఇంటర్వ్యూలు చేసేవారు, ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో వారం వారం పరీక్షలు పెట్టేవారు ఒత్తిడి గురించి మాట్లాడటం వినసొంపుగా లేదు.

అసలైన అభ్యంతరం మన వైపు నుంచి వస్తుంది. దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేము. పరీక్ష అనేది ఈ దేశంలో బహుజనులను ఏరివేసే జల్లెడగానే పనిచేసింది. ‘ప్రతిభ’ అనే మాట పుట్టుకను దాచే ముసుగు. తమిళనాడులో ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు తెచ్చుకొన్న దళిత కూలీ బిడ్డ అనితను 2017లో నీట్ ఏంచేసిందో మరచిపోలేదు. మళ్ళీ ఇంకో పరీక్షా, అదీ పదేళ్ళ పిల్లలకా? ఈ ప్రశ్న న్యాయమైనది. అయిదో తరగతిలో తప్పిన పిల్లవాణ్ణి అదే తరగతిలో కూర్చోబెడితే ఏమవుతుందో మన వాడలకు తెలుసు. మర్నాడు పశువుల వెంట, లేదా హోటల్లో కప్పులు కడుగుతూ కనిపిస్తాడు. నిర్బంధోత్తీర్ణతను సడలిస్తూ 2019లో విద్యాహక్కు చట్టానికి తెచ్చిన సవరణను అందుకే నేను వ్యతిరేకిస్తున్నాను.

నేను అడుగుతున్న పరీక్షలో పిల్లవాడు తప్పడం అంటూ ఉండదు. అతని మార్కు తల్లిదండ్రులకు తప్ప ఎవరికీ తెలియదు, ఏ ప్రవేశానికీ పనికిరాదు. తప్పవలసి వస్తే బడి తప్పుతుంది. బడివారీ ఫలితం బహిరంగం కావాలి, అదీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఇతరులు అని వేరువేరుగా. సగటు మార్కు ఒక్కటే చెబితే అందులో ఎన్ని దాచవచ్చో మనకు తెలియనిది కాదు. తెలివైనవారిని వడకట్టి చేర్చుకొన్న బడికి సగటు ఎప్పుడూ బాగానే ఉంటుంది. అదే బడిలో విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద చేరవలసిన 25 శాతం పేదపిల్లలు అసలు ఉన్నారా, ఉంటే వెనుక బెంచీలో ఏం నేర్చుకొన్నారు అన్నది విడివిడి లెక్క తీస్తేనే బయటపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సెక్షన్ అమలు ఆలస్యంగానైనా మొదలైంది. తెలంగాణలో ఆ మాట ఎత్తితే కోర్టు వాయిదాలే.

చట్టం అడ్డు వస్తుందనే వాదన నిలవదు. ప్రాథమిక విద్య ముగిసే దాకా బోర్డు పరీక్షలో ఉత్తీర్ణత తప్పనిసరి చేయరాదని 30వ సెక్షన్ అంటుంది. ఉత్తీర్ణతే లేని పరీక్షకు అది వర్తించదు. మూల్యాంకన పద్ధతిని నిర్ణయించే అధికారం 29వ సెక్షన్ విద్యా ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెట్టే రాష్ట్ర అధికారాన్ని మోడర్న్ డెంటల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు 2016లోనే సమర్థించింది. మైనారిటీ సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదన్న 2014 నాటి ప్రమతి తీర్పు మాత్రం నిజమైన చిక్కు. దానికి రాష్ట్రం వేరే దారి వెతకాలి.

ఇంటి చదువు సంగతి రెండు మాటల్లో. విద్యాహక్కు చట్టంలో దాని ప్రస్తావనే లేదు. అయినా హైదరాబాదులో బడి మాన్పించి ఇంట్లో చదివించే సంపన్నుల పిల్లవాడిది ‘హోమ్ స్కూలింగ్’. పాలమూరు నుంచి వలసపోయిన కూలీ బిడ్డ అదే వయసులో బడికి పోకపోతే ‘బడి బయటి పిల్లవాడు’. ఒకరిది ఎంపిక, మరొకరిది నేరమన్నట్టు లెక్కలు రాస్తారు. ఇద్దర్నీ ఆ అయిదో తరగతి పరీక్షకు పిలవాలి.

1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఒక ఫిర్యాదు చేశాడు: శ్రమించే రైతు కట్టే పన్నులతో పై వర్గాల ఉన్నత చదువులు సాగుతున్నాయి, రైతు బిడ్డకు ప్రాథమిక విద్య కూడా లేదు. ఇప్పుడు ఆ డబ్బు పన్నుల రూపంలో చుట్టుతిరిగి పోనక్కర లేదు. పాచిపని చేసే తల్లి ప్రతినెలా పదో తారీఖులోగా ఫీజుగా నేరుగా కడుతోంది. ఆమెకు రావలసిన లెక్క ఆ ప్రోగ్రెస్ కార్డు కాదు. ఆ బడి గేటు మీద, ర్యాంకుల ఫ్లెక్సీ పక్కన, తెలుగులో, ఆమె కులపు పిల్లలు అక్కడ ఎందరున్నారో, అందులో ఎందరికి చదవడం వచ్చిందో రాసిన పట్టిక వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా ఉండాలి.