ఎవరింటి అమ్మమ్మో, ఎవరి గోడ మీదో

మొన్న టీం లంచ్ కని ఓ కొత్త హోటల్ కి వెళ్లాం. గోడ నిండా పాత ఫొటోలు. కోటు తొడుక్కుని కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్న మొగుడు, పక్కన నించున్న పెళ్లాం, మధ్యలో టీపాయి మీద కాగితప్పూల కుండీ... మీకూ తెలుసుగా. మా లీడ్ "వింటేజ్ లుక్ అదిరింది" అంటూ సెల్ఫీ తీసుకున్నాడు. వాడి వెనకాలున్న ముసలావిడ పటం అద్దం మీద, సరిగ్గా నుదురు దగ్గర, ఎండిపోయిన కుంకుమ బొట్టు ఇంకా ఉంది. అంటే ఎవరో ఆ పటానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేవారన్నమాట. ఇప్పుడావిడ బిర్యానీ తినేవాళ్లకి డెకరేషన్!

ముందే ఒప్పేసుకుంటాను, నేనూ కొంటాను. నైట్ షిఫ్ట్ దిగి గురువారం పొద్దున్నే హైదరాబాదు జుమ్మేరాత్ బజార్ కి పోయి ఏరుకొచ్చినవి నలభై పైచిలుకు బీరువాలో ఉన్నాయి. కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది.

అక్కడ అమ్మేవాడి దృష్టిలో విలువ టేకు ఫ్రేముదే. లోపలి మనిషి కొసరు. "ఎక్కడిది భాయ్?" అంటే "ఇల్లు ఖాళీ చేశారు సాబ్" అంటాడు. ఏ ఊరు, ఏ వీధి అని అడిగి రాసుకున్న పాపాన ఎవడూ పోడు. అడ్రసు తెలిసిన చివరి మనిషి వాడే. వాడి చెయ్యి దాటితే ఆ కుర్చీలో మనిషి ఇక "పాత ఫొటో" అంతే.

నా నిర్వాకం చెప్తా వినండి. ఓ కుర్రాడి ఫొటో, మందపాటి అట్టకి అంటించుంది. స్కానర్లో చదునుగా పట్టట్లేదని అట్ట తడిపి ఊడదీశాను. వెనకాల సిరాతో రాసుందని అప్పుడు చూశాను. అప్పటికే సిరా కరిగిపోయింది. మిగిలింది "చి." అన్న అక్షరం, కింద 1951. చి. అంటే చిరంజీవి. దాని పక్కన ఉండేదే పేరు! బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్లో డిలీట్ కొట్టినవాళ్లకి నా బాధ అర్థమవుతుంది.

"పాతవేగా, ఎవరి హక్కులూ ఉండవు" అంటాడు మా హోటల్ ప్రియుడు. బాబూ, మన 1957 కాపీరైటు చట్టం ఏమంటుందో తెలుసా? డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకూ, మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చినవాడే. స్టూడియోవాడు కాదు. గడువు తీరిందా లేదా అన్నది వేరే లెక్క. కానీ మొదట్నించీ అది ఎవడిదీ కాని సొత్తు మాత్రం కాదు.

ఇది మన దగ్గరే అనుకోకండి. 1991లో న్యూయార్కులో ఆఫ్రికా కళల ప్రదర్శన ఒకటి పెట్టి, మాలి దేశంలో బమాకో స్టూడియో ఫొటోల కింద "ఫొటోగ్రాఫర్ తెలియదు" అని రాశారు. తీసినాయన, సేదు కీటా, అప్పటికి బమాకోలో నిక్షేపంగా బతికే ఉన్నాడు! నెగెటివ్‌లు కూడా ఆయన దగ్గరే ఉన్నాయి. తర్వాత ఆయన పేరు ప్రపంచమంతా మోగింది, సంతోషం. ఆ ఫొటోల్లో కూర్చున్నవాళ్లలో చాలామందికి మాత్రం ఇప్పటికీ పేరు లేదు.

"మేం కొనకపోతే చెత్తకుప్పలోకి పోయేవి" అనేది ఇంకో వాదన. నేనూ ఏళ్ల తరబడి ఇదే చెప్పుకుని నిద్రపోయాను. సగం నిజమే. కానీ కాపాడేవాడు వెనక్కి తిప్పి చూస్తాడు, ముద్ర ఉంటే స్టూడియో పేరు ఎక్కిస్తాడు, ఎక్కడ కొన్నాడో పెన్సిల్‌తో రాస్తాడు. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తమిళనాడు పాత స్టూడియోల ఫొటోలు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో డిజిటైజ్ చేశారు. 2010లో మొదలైన ఇండియన్ మెమరీ ప్రాజెక్టులో అయితే ఇంటివాళ్లే ఫొటోతో పాటు అందులో ఎవరున్నారో, వాళ్ల కథేంటో చెప్తారు. చేసేవాళ్లు చేస్తున్నారు. ఫ్రేము బాగుందని కొనేసి, కాపాడానని చెప్పుకుంటే ఎలా?

అసలు దొంగలు బజార్లో లేరు లెండి, మన ఇళ్లల్లోనే ఉన్నాం. పోయినేడు మా ఇంటికి రంగులేస్తూ పటాలు దింపారు. డల్లాస్ నుంచి అన్నయ్య ఆర్డరు: "అన్నీ ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెట్టండి, ఆ పాత సామానంతా తీసేయండి". తీశారు. ముందువైపు మాత్రమే, అద్దం మీద ట్యూబులైటు మెరుపుతో సహా. పాత సామాన్లవాడి బండి ఎక్కబోతుంటే గేటు దగ్గర ఆపాను.

అందులో పదకొండు మంది ఉన్న గ్రూపు ఫొటో ఒకటుంది. ఎనభై దాటిన మా పెద్ద మేనత్త తొమ్మిది మందిని టకటకా చెప్పేసింది. పదోవాడి దగ్గర ఆగి, "మంగళవారం మనింట్లో తినే వారాల అబ్బాయిరా, ఫొటో తీసినరోజు వాడి వారం... పేరు నోట్లోనే ఉంది" అంది. రెండ్రోజుల తర్వాత రాత్రి పదింటికి ఫోన్ చేసి, హలో కూడా అనకుండా "సుబ్బారావు" అంది. అప్పుడే లేచి వెనక రాసేశాను.

పదకొండోవాడి సంగతి ఈ ఆదివారం మా బాబాయిని అడగాలి. ఆయనకీ డెబ్భై ఎనిమిది.