చేతిలోని అమానత్

పదో తరగతి పూర్తికాగానే మన ఇళ్లలో మొదలయ్యే చర్చ ఒకటే: ఏ గ్రూపు? మా వద్ద సాయంత్రం ఖుర్ఆన్ పాఠాలు నేర్చుకొనే ఒక బాలిక ఇంట్లోనూ ఇదే చర్చ సాగుతున్నది. తల్లి కుట్టుమిషను మొరాయిస్తే బాగుచేసేది ఆమే. విప్పే ముందు ప్రతి భాగానికీ బొమ్మ గీసుకుంటుంది. బిగించిన తరువాత ఒక్క స్క్రూ కూడా మిగలదు. మెకానికల్ ఇంజనీరింగు చదవాలన్నది ఆమె ఆశ. "ఆడపిల్లకు ఇనుముతో పనేమిటి?" అన్నది పెద్దల ప్రశ్న.

నేటి తుర్కియేలోని దియార్‌బకర్ ఆస్థానంలో పనిచేసిన అల్ జజరీ, 1206లో యాభై యంత్రసాధనాల నిర్మాణాన్ని బొమ్మలతో వివరిస్తూ అరబీలో గ్రంథం పూర్తిచేశారు. ఆయన నీరు తోడే యంత్రాలలో ఒకదానిలో తిరిగే చక్రపు కదలిక ముందుకూ వెనుకకూ సాగే కదలికగా మారుతుంది. కుట్టుమిషను చక్రం తిరిగితే సూది పైకీ కిందికీ ఆడటంలో ఉన్నదీ ఆ సూత్రమే. ఇంటి మూలనున్న మిషను కూడా ఈ విద్యకు పాఠశాలే.

పరిశీలన, ఓర్పు, గీయగల చేయి మార్కుల పట్టీలో కనిపించవు. అవీ అల్లాహ్ అప్పగించిన అమానతులే. అయితే బిడ్డలారా, గణితం, భౌతికశాస్త్రం తోడైతేనే బాగుచేసే చేయి కొత్త యంత్రాన్ని రూపొందించగలదు.

ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి ఈఏపీసెట్ రాయవచ్చు. స్తోమత తక్కువైతే పాలిసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్‌తో ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఏ పనిలో అలసట మరచిపోతున్నదో ముందు గమనించండి. గ్రూపు సంగతి ఆ తరువాత మాట్లాడండి.