పాత పడవ బాగుచేయడం వస్తే కొలువు దొరుకుతుందా?

2025 మే 29న గోవాలోని మర్మగోవా రేవుకు ఓ చిన్న తెరచాప పడవ తిరిగొచ్చింది. పేరు ఐఎన్‌ఎస్‌వీ తారిణి. పొడవు 17 మీటర్లు. అంటే మన ఊళ్లో తిరిగే రెండు ఆర్టీసీ బస్సులను ముందూ వెనకా నిలబెట్టినంత కూడా ఉండదు. అందులో ఉన్నది ఇద్దరే. నౌకాదళ అధికారిణులు లెఫ్టినెంట్ కమాండర్ దిల్నా, లెఫ్టినెంట్ కమాండర్ రూప. 2024 అక్టోబరు 2న బయల్దేరి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్లాండ్ దీవులు, దక్షిణాఫ్రికా మీదుగా 25 వేల నాటికల్ మైళ్లకు పైగా తిరిగి వచ్చారు. ‘నావికా సాగర్ పరిక్రమ-2’ అన్న పేరు కరెంట్ అఫైర్స్ నోట్సులో మీరు ఇప్పటికే రాసుకుని ఉంటారు.

తేదీలు, పేర్లు పోటీ పరీక్షకు పనికొస్తాయి. ఆ వార్తలో మీ కొలువుకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. దిల్నా చేరింది లాజిస్టిక్స్ విభాగంలో. రూప ఆయుధాల తనిఖీ విభాగంలో. ఇద్దరిలో ఎవరి ఉద్యోగమూ తెరచాప పడవ నడపడం కాదు. మూడేళ్ల శిక్షణలో నేర్చుకున్నారు. వాళ్లకు దొరికిన పడవా కొత్తది కాదు. 2017లో తయారై, అప్పటికే ఆరుగురు మహిళలతో ఒకసారి భూగోళాన్ని చుట్టొచ్చింది. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి పాతర్లపల్లి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు.

నడి సముద్రంలో పైపు కారినా, తెరచాప చిరిగినా, వైరు కాలినా మెకానిక్ రాడు. పడవలో ఉన్నవాళ్లే చేసుకోవాలి. అందుకే ఈ రంగంలో నడపడం, బాగుచేయడం వేర్వేరు పనులు కావు. ఇక్కడి నుంచే మన ప్రశ్న మొదలవుతుంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో డిగ్రీ, డిప్లొమా, బీటెక్ చదువుతున్న మీకు ఈ పని నేర్చుకుంటే ఏమైనా ఒరుగుతుందా?

వీడియోల్లో కనిపించేది, కనిపించనిది

విదేశాల్లో భార్యాభర్తలు పాత తెరచాప పడవ కొని, బాగుచేసుకుంటూ, అందులోనే నడపడం నేర్చుకుంటున్న వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. అది అక్కడ ఎలా కుదురుతోంది? 1960ల నుంచి అమెరికా, ఐరోపాల్లో ఫైబర్ గ్లాస్ పడవలు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. చెక్కలా పుచ్చదు, ఇనుములా తుప్పు పట్టదు. యాభై ఏళ్లయినా చాలా పడవల తొట్టి గట్టిగానే ఉంటుంది. పాడయ్యేది ఇంజిను, తాళ్లు, తెరచాపలు, వైరింగు. అందుకే పాతవి చవగ్గా దొరుకుతాయి.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అంటాం. పడవ విషయంలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఏనుగు చవక, అంకుశమే ఖరీదు. కొన్న ధర కంటే మరమ్మతు, రేవు అద్దె, బీమా ఎక్కువయ్యే సందర్భాలు కొల్లలు. మన దేశంలో అలాంటి పడవలు ఆపుకునే మెరీనాలూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కాబట్టి ‘మనమూ ఒకటి కొనేద్దాం’ అనుకోవడం కొలువు వెతుక్కునేవాళ్లకు తగిన ఆలోచన కాదు. వాళ్లు నేర్చుకుంటున్న పనులేమిటో చూడండి. ఫైబర్ అతకడం, డీజిల్ ఇంజిను విప్పి బిగించడం, బ్యాటరీ వైరింగు, వాతావరణ సమాచారం చదవడం, మ్యాపు మీద దారి గీయడం. వీటికి మన దగ్గరా గిరాకీ ఉంది.

ఇలా నేర్చుకున్నవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టొచ్చిన తొలి భారతీయుడు దిలీప్ దోండే. 2006లో నౌకాదళం ఈ పని అప్పగించినప్పుడు ఆయన ముందు పడవే లేదు. గోవాలో రత్నాకర్ దాండేకర్ యార్డులో ‘మాదేయి’ తయారవుతుంటే దగ్గరుండి ప్రతి అతుకూ తెలుసుకున్నారు. 2009 ఆగస్టులో బయల్దేరి 2010 మేలో తిరిగొచ్చారు. ఆయనకు ఒడ్డున ఉండి సాయం చేసిన అభిలాష్ టామీ తర్వాత ఆగకుండా భూమిని చుట్టొచ్చారు. 2022 సెప్టెంబరులో మొదలైన గోల్డెన్ గ్లోబ్ రేసులో రెండో స్థానం సాధించారు. ఆ పోటీ నిబంధనే పాత నమూనా పడవలు వాడాలని. దిల్నా, రూపలకు శిక్షణ ఇచ్చింది కూడా ఆయనే. దాండేకర్ సంగతీ గమనించండి. అంతకుముందు చిన్న ఫైబర్ పడవలు చేసిన యార్డు, మాదేయి తర్వాత తారిణినీ తయారు చేసింది.

కొల్లేరులో తెరచాప ఎత్తగలమా?

సూటిగా చెప్పాలంటే, ఇలాంటి పడవకు కొల్లేరు పనికిరాదు. లోతు తక్కువ, గుర్రపుడెక్క ఎక్కువ, ఎక్కడ చూసినా గట్లు. తెరచాప పడవ పక్కకు ఒరగకుండా అడుగున బరువైన కీల్ ఉంటుంది. దానికి లోతు కావాలి. పైగా కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా నోటిఫై అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. అక్కడ ఏ పని మొదలుపెట్టాలన్నా అటవీ శాఖ నిబంధనలు వర్తిస్తాయి. ఆటపాక పక్షుల కేంద్రంలో పెలికాన్లను చూపించే బోటు షికారు ఉందంటే అది ఆ పరిధిలో జరిగేదే.

అలాగని మన ప్రాంతానికి పడవ కొత్త కాదు. కొల్లేటి లంకల్లో తాటి మాను తొలిచి చేసిన దోనెల మీద ఆలుమగలు కలిసి వేటకు వెళ్లడం తరాలుగా ఉన్నదే. ఒకరు గెడ వేస్తే ఇంకొకరు వల చూసుకుంటారు. విదేశీ జంటల వీడియోల్లో మనకు వింతగా కనిపించే పని విభజన ఇక్కడ రోజువారీ బతుకు. ఇప్పుడు చేపల చెరువుల్లో మేత వేయడానికి తిరిగేవాటిలో ఫైబర్ పడవలూ ఉన్నాయి. అవి పగిలితే అతికే పని, ఇంజిను ఉంటే బాగుచేసే పని ఎవరో ఒకరు చేయాల్సిందే.

ఏలూరు కాలువ సంగతీ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువలు సాగునీటికే కాదు, సరకు రవాణాకూ దారులయ్యాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవాళ్లు. రైలు, లారీ వచ్చాక ఆ పడవలు పోయాయి. 2008లో కేంద్రం ప్రకటించిన జాతీయ జలమార్గం-4 మొత్తం 1,078 కిలోమీటర్లు. అందులో ఏలూరు కాలువది 139 కిలోమీటర్లు. 2017లో పనులకు శంకుస్థాపన జరిగింది మాత్రం కృష్ణానదిలో, ముక్త్యాల - విజయవాడ మధ్య. ఏలూరు కాలువలో మళ్లీ పడవ తిరగాలంటే లాకులు బాగుపడాలి, అడ్డొచ్చే తక్కువ ఎత్తు వంతెనలు మారాలి, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు నీళ్ల సంగతి తేలాలి. ఆ ప్రకటనను నమ్ముకుని కెరీర్ ప్లాన్ చేసుకోకండి. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం ఈ మూడు అడ్డంకులూ చెప్పగలిగితే మార్కులు పడతాయి.

69,725 కోట్లలో మన వాటా ఎంత?

2025 సెప్టెంబరు 24న కేంద్ర కేబినెట్ నౌకా నిర్మాణ రంగానికి రూ.69,725 కోట్ల ప్యాకేజీని ఆమోదించింది. ఇందులో మూడు భాగాలు గుర్తుంచుకోండి. నౌకల తయారీకి ఆర్థిక సాయం రూ.24,736 కోట్లు, మారిటైమ్ డెవలప్‌మెంట్ ఫండ్ రూ.25,000 కోట్లు, యార్డుల సామర్థ్యం పెంచే పథకం రూ.19,989 కోట్లు. దాదాపు 30 లక్షల ఉద్యోగాలు వస్తాయన్నది ప్రభుత్వ అంచనా.

అంచనా వేరు, నోటిఫికేషన్ వేరు. సాయం పథకం 2036 మార్చి వరకు సాగేది. డబ్బు ముందు పెద్ద యార్డులకు వెళ్తుంది. అక్కడి నుంచి కాంట్రాక్టర్లకు, చిన్న వర్క్‌షాపులకు పని పారాలి. అందుకు ఏళ్లు పట్టొచ్చు. అయితే ఒకటి ఖాయం. యార్డు ఏదైనా కావాల్సింది వెల్డర్, ఫిట్టర్, పైపు పని తెలిసినవాడు, ఎలక్ట్రీషియన్, డిజైన్ చదవగలిగే ఇంజినీరు. మనకు దగ్గరలో విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది. 1941లో మొదలైన ఈ యార్డు నుంచే 1948లో ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. మరోపక్క రాష్ట్రంలో జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడల్లో ఫిషింగ్ హార్బర్లు చేపట్టారు. హార్బరు అంటే చేపల వేలం ఒక్కటే కాదు. బోటు ఒడ్డెక్కిస్తే దానికి మరమ్మతు, రంగు, ఇంజిను పని ఉంటాయి.

పాత నైపుణ్యం విలువ ఏమిటో 2019లో చూశాం. సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ట బోటును ఒడ్డుకు చేర్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనుప తాళ్లు, నీటి వేగం మీద అవగాహన, వాటికి గజ ఈతగాళ్ల సాయం. అదే ఘటన ఇంకో పాఠమూ చెప్పింది. తనిఖీ, లైఫ్ జాకెట్, శిక్షణ ఉన్న సరంగు, వరద ఉద్ధృతిలో ‘ఇవాళ వెళ్లం’ అని చెప్పగలిగే ధైర్యం లేకపోతే పడవ ఎంత గట్టిదైనా ప్రాణాలు పోతాయి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం-2021 రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బంది అర్హత పత్రాలను దేశమంతా ఒకే పద్ధతిలోకి తెచ్చింది. ‘నాకు తెలుసులే’ అనే రోజులు పోయి ‘సర్టిఫికెట్ ఉందా’ అనే రోజులు వచ్చాయి. మీకు అది మేలే.

మీ చదువును బట్టి దారి

*పదో తరగతి:* విశాఖపట్నంలోని సిఫ్‌నెట్‌లో వెసల్ నేవిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు రెండేళ్లవి. లెక్కలు, సైన్సులో మార్కులు చూస్తారు. మర్చంట్ నేవీలో కింది స్థాయి నుంచి మొదలవ్వాలంటే జీపీ రేటింగ్ ఉంది.

*ఐటీఐ, డిప్లొమా:* ఫిట్టర్, వెల్డర్, డీజిల్ మెకానిక్ ట్రేడులవాళ్లు షిప్‌యార్డు అప్రెంటిస్ ప్రకటనలు చూస్తుండాలి. విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణంలోని సీఈఎంఎస్ నౌకా నిర్మాణానికి సంబంధించిన నైపుణ్య కోర్సులు నడుపుతోంది.

*ఇంటర్ ఎంపీసీ:* ఐఎంయూ సెట్ రాస్తే మెరైన్ ఇంజినీరింగ్, నాటికల్ సైన్స్, నేవల్ ఆర్కిటెక్చర్ వైపు వెళ్లొచ్చు. నౌక ఎక్కే కోర్సులకు కంటిచూపు ప్రమాణాలుంటాయి. ఫీజు కట్టే ముందే వైద్య పరీక్ష చేయించుకోండి.

*బీటెక్:* తాడేపల్లిగూడెం నిట్‌లోనో చుట్టుపక్కల కాలేజీల్లోనో మెకానికల్ చదివేవాళ్లకు ఏడాది జీఎంఈ కోర్సు ఒక దారి. నౌకాదళం షార్ట్ సర్వీస్ కమిషన్‌లో లాజిస్టిక్స్, నేవల్ కన్‌స్ట్రక్టర్ వంటి విభాగాలు ఇంకో దారి. తారిణి తొలి యాత్రకు కెప్టెన్‌గా ఉన్న వర్తికా జోషి నేవల్ ఆర్కిటెక్టే.

*ఏ డిగ్రీ అయినా:* నీటి క్రీడల వైపు వెళ్లాలంటే గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థలో ప్రాణరక్షణ, పవర్ బోటు నడపడం నేర్పుతారు. తెరచాప నేర్చుకోవాలంటే మనకు దగ్గరి చోటు హైదరాబాద్ హుస్సేన్‌సాగర్. కాలేజీలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ ఉంటే అదే చవకైన మొదటి మెట్టు.

అప్పు చేసే ముందు

‘షిప్పులో ఉద్యోగం, నెలకు లక్షన్నర, రెండు నెలల్లో జాయినింగ్’ అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు గోదావరి జిల్లాల పిల్లలకు కొత్త కాదు. పొలం తాకట్టు పెట్టి కట్టిన డబ్బు అలా పోయిన ఇళ్లున్నాయి. మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, శిక్షణ సంస్థకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదం ఉందా? రెండు, నౌకల్లో ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందా? రెండు జాబితాలూ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మూడు, లైసెన్సున్న ఏజెన్సీ కూడా ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. అడిగారంటే అక్కడే ఆగిపోండి.

డబ్బు ఖర్చు పెట్టకుండా మొదలుపెట్టగలిగే పనులు చాలానే ఉన్నాయి. ఈత రాకపోతే ముందు అది నేర్చుకోండి. సెలవుల్లో డీజిల్ ఇంజిన్ల షెడ్డులోనో, ఫైబర్ బోట్లు అతికే దగ్గరో నెల రోజులు చేతులు మురికి చేసుకోండి. రెజిన్ కలిపేటప్పుడు చేతికి గ్లవ్స్, మూతికి మాస్కు మరవొద్దు. చేసిన ప్రతి పనికీ ముందూ తర్వాతా ఫొటో తీసి, వాడిన సామాను, పట్టిన రోజులు, అయిన ఖర్చు రాసి పెట్టుకోండి. వీలైతే ఇద్దరు కలిసి చేయండి. ఒకరు చేసింది ఇంకొకరు తనిఖీ చేసే అలవాటే యార్డుల్లోనూ ఓడల్లోనూ ముందుగా చూసేది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ నోట్‌బుక్కు, ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ అని రాసుకున్న రెజ్యూమె పక్కపక్కన పెట్టి చూసుకోండి. పని ఇచ్చేవాడు ముందు ఏది తెరుస్తాడో మీకే తెలుస్తుంది.