నోరు మంచిదైతే

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. అది మాటతీరు గురించి పుట్టినదే అయినా, ఈ నెల దాన్ని మేము అక్షరాలా తీసుకుంటున్నాము. నోటి దుర్వాసన గురించి నలుగురిలో మాట్లాడడానికి మనవాళ్ళకు మొహమాటం. పత్రికలో అయితే ఎవరికి వారు చదువుకోవచ్చు.

అమెరికాలో ఉద్యోగానికి చేరగానే మనలో చాలామంది చేసే పని, వారం రోజుల్లో వెల్లుల్లి మానేసి జేబులో పిప్పరమెంటు బిళ్ళలు వేసుకోవడం. వెల్లుల్లి మీద నేరం కొంత నిజమే. దానిలోని గంధక పదార్థం ఒకటి రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది గనుక, ఎంత తోముకున్నా వెంటనే పోదు. అయితే అది ఒక పూట గొడవ. రోజూ ఉండే వాసనకు మూలం వంటింట్లో లేదు. చాలామందిలో పొట్టలోనూ ఉండదు. నోట్లోనే ఉంటుంది.

నాలుక వెనుక భాగాన, పళ్ళ సందుల్లో, చిగుళ్ళ కింద గాలి సోకని చోట పెరిగే సూక్ష్మజీవులు మాంసకృత్తులను కుళ్ళబెట్టి గంధకపు వాయువులు పుట్టిస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో ఒకటి. వీటిని కడిగేది లాలాజలం. నిద్రలో అది తగ్గుతుంది కనుకనే పొద్దున్నే అందరిదీ పాచినోరు. ఏకాదశి ఉపవాసం, ఎలర్జీకి వేసుకునే కొన్ని మాత్రలు, గంటల తరబడి మీటింగులు, వీటివల్ల కూడా నోరు ఎండుతుంది. అప్పుడు కావలసినవి మంచినీళ్ళు. పంచదార బిళ్ళ చప్పరిస్తే సూక్ష్మజీవులకు విందు చేసినట్లే.

మన తాతలు వేపపుల్లతో తోముకుని, దాన్నే రెండుగా చీల్చి నాలుక గీసుకునేవారు. తర్వాత రాగి బద్దలు, స్టీలు బద్దలు వచ్చాయి. ఇక్కడికి వచ్చాక పిల్లలు నవ్వుతారని కొందరు మానేశారు. పిల్లలు నవ్వేది మన కాకరింపుకు గాని బద్దకు కాదు! వెనుకనుంచి ముందుకు నాలుగైదుసార్లు మెల్లగా గీస్తే చాలు, చప్పుడే ఉండదు. ఇప్పుడు ఇక్కడి మందుల షాపుల్లోనూ అమ్ముతున్నారు.

పుక్కిలించే మందుల వాసన కాసేపే. లిస్టరిన్ 1879లో ఆపరేషన్లకు వాడే క్రిమిసంహారిణిగా పుట్టింది. 1920లలో పెళ్ళికాని అమ్మాయిల బొమ్మలతో ప్రకటనలు వేసి, "హాలిటోసిస్" అన్న మాటతో జనాన్ని భయపెట్టి అమ్మారు. భయానికి ఉన్న గిరాకీ సబ్బుకు కూడా లేదు.

అసలు భయపడవలసినది చిగుళ్ళ జబ్బుకు. తోముకునేటప్పుడు నెత్తురు కనబడి, వాసన పోకుండా ఉంటే అనుమానించాలి. తరచు నొప్పి ఉండదు. పళ్ళు కదిలేదాకా తెలియకపోవచ్చు. మధుమేహం ఉన్నవారిలో ఇది త్వరగా ముదురుతుంది, చిగుళ్ళు చెడితే చక్కెర అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. మనవాళ్ళ ఇళ్ళలో మధుమేహం ఎంత మామూలో చెప్పనక్కరలేదు. అయినా, ఇక్కడ పళ్ళకు భీమా వేరుగా కొనుక్కోవాలి కదా అని, "ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాం" అనుకుంటూ మూడేళ్ళు గడిపేవారున్నారు. ఖర్చు భరించలేనివారు డెంటల్ కాలేజీలలో విచారించవచ్చు. అక్కడ విద్యార్థులు, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో, తక్కువకు శుభ్రం చేస్తారు.

ఇంకొక చిక్కు, ఎవరి వాసన వారికి తెలియదు. ఆఫీసులో ఎవరూ చెప్పరు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. అది మన యాసను చూసో, రంగును చూసో అని లోలోపల కుమిలేవారుంటారు. ఏ వాసనా లేకుండానే ఉన్నదని బెంగపడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవారూ ఉంటారు. ఏది నిజమో భార్యో భర్తో చెప్పాలి. వారికి మొహమాటమైతే ఇంట్లో అయిదేళ్ళ పిల్లవాణ్ణి అడగండి.