చిలకలగూడలో తిట్టే చిలక

నేనుండేది చిలకలగూడలో. ఆ మాట చెబితే చాలు, పైఊళ్ళ మిత్రులు "ఏమోయ్, చిలకలేమైనా ఉన్నాయా అక్కడ?" అని అడిగి, వాళ్ళ జోకుకి వాళ్ళే నవ్వుకుంటారు. ఇన్నాళ్ళూ మొహమాటానికి నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడా అవసరం తీరిపోయింది. "ఉంది. ఒకటుంది. మా గదిలోనే ఉంది. మీరొస్తే తిడుతుంది కూడా!" అని చెబుతున్నాను.

తిట్టడమేమిటంటారా? ఈ వారం కబురు అదే.

సినిమా పత్రికలో చిలక గొడవేమిటని పేజీ తిప్పెయ్యకండి. మన తెరకీ చిలకకీ బంధుత్వం ఈనాటిది కాదు. 1942లో జెమినీవారు తీసిన 'బాలనాగమ్మ' కథ మీ తాతగార్ని అడిగినా చెబుతారు. మాయలమారి మాంత్రికుడు ఇక్కడ, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో! 1966లో కృష్ణంరాజుగారు తొలిసారి తెరమీద కనిపించిన సినిమా పేరు 'చిలకా గోరింక'. ఇక 2006లో నాగార్జునగారు వేసిన 'శ్రీరామదాసు' మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రామదాసుగారికి గోల్కొండలో పన్నెండేళ్ళ చెర ఎందుకు పడిందయ్యా అంటే, కిందటి జన్మలో ఓ చిలకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టారట. అందుకని! మన పెద్దవాళ్ళు చెప్పుకునే కథ ఇది. అంటే రోజుకి ఏడాది శిక్షన్నమాట.

ఆ లెక్కన మా చిలకని మూడేళ్ళు బంధించిన పెద్దమనిషికి వెయ్యేళ్ళు దాటింది. ఆయన పేరు ఇక్కడెందుకు లెండి.

అది మన రామచిలక కాదు. ఆఫ్రికా అడవుల జాతి, ఆఫ్రికన్ గ్రే అంటారు. ఒళ్ళంతా బూడిదరంగు, తోక మాత్రం ఎర్రగా కుంకుమ అద్దినట్టుంటుంది. ఇదంతా పుస్తకంలో బొమ్మ సంగతి. నేను మొదటిసారి చూసినప్పుడు దానికి తలమీద తప్ప ఎక్కడా సరిగా ఈకలు లేవు. రొమ్మంతా ఒలిచిన కోడిలా ఉంది. తన ఈకలు తనే పీక్కుంది. తలకి ముక్కు అందదు కాబట్టి అక్కడ మిగిలాయి!

వేరే పనిమీద మారేడుపల్లిలో ఓ ఇంటికి వెళితే, వెనక వరండాలో పాత కుర్చీల మధ్య కనబడింది. రెక్కలు చాపితే ఊచలకి తగిలే పంజరం. తొట్టిలో పొద్దుతిరుగుడు గింజల పొట్టు. "మంచి రేటు పెట్టి కొన్నామండీ, ఇప్పుడు ఒకటే అరుపు. కావాలంటే పట్టుకెళ్ళండి" అన్నారు ఆ ఇంటివారు, పాత పేపర్లు ఇస్తున్నట్టుగా. నేను అప్పుడే ఆటో పిలవలేదు. ముందు కాగితాలు అడిగాను. 2024లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ పక్షి ఇంట్లో ఉంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి, చేతులు మారినా తెలియజెయ్యాలి. ఆ తతంగం అయ్యాకే పంజరం మా ఇల్లు చేరింది.

పేరు భానుమతి అని పెట్టాను. ఆడో మగో పరీక్ష చేయిస్తే తప్ప ఈ జాతిలో పైకి తెలియదు. అయినా తన పాట తానే పాడుకుని, ఎవరికీ తలవంచని భానుమతిగారి పేరు దీనికి కాస్త ధైర్యమిస్తుందని నా ఆశ.

పక్షివైద్యం తెలిసిన డాక్టరుగారు చూసి, "పురుగు లేదు. ఒట్టి గింజలు తిని తిని విటమిన్ ఎ తగ్గింది, కాల్షియం తగ్గింది. మిగిలినదంతా భయం. మందు మీ దగ్గరే ఉంది, ఓపిక" అన్నారు. మునగాకు, తోటకూర, క్యారెట్, జామ, దానిమ్మ పెట్టమన్నారు. పొద్దుటి ఎండ తగలాలి, రాత్రి పది పన్నెండు గంటలు నిద్ర ఉండాలి. చాక్లెట్, అవకాడో దగ్గరికి రానివ్వకూడదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకి పక్షి ప్రాణమే పోతుందట. ఆ పూటే నా పెనం వాచ్‌మన్‌గారి ఇంటికి వెళ్ళిపోయింది.

మూడోరోజు రాత్రి పడుకుని ఉన్నాను. చీకట్లో ఎవరో మగమనిషి బొంగురు గొంతు, "నోర్మూసుకో!" అంది. వెంటనే స్టీలు పళ్ళెం ఊచలకేసి కొట్టిన చప్పుడు, ఠంగున! ఉలిక్కిపడి లైటు వేస్తే గదిలో నేనూ, భానుమతీ తప్ప ఎవరూ లేరు. గొంతూ దానిదే, పళ్ళెం చప్పుడూ దానిదే.

మన డబ్బింగ్ ఆర్టిస్టులు ఎంత గొప్పవాళ్ళయినా, తిట్టినవాడి గొంతూ దెబ్బ చప్పుడూ ఒక్కరే చెప్పగా విన్నారా? ఆ వరండాలో మూడేళ్ళు ఏం జరిగిందో నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. వాదీ, సాక్షీ అదే.

సినిమాలో అయితే ఇక్కడ ఓ పాట పడుతుంది. హీరో చెయ్యి చాపుతాడు, పల్లవి అయ్యేసరికి పక్షి భుజమెక్కుతుంది, చరణంలో ఎగురుతుంది. నేనూ అలాగే చెయ్యి చాపాను. బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి!

ఆ తర్వాత తెలివొచ్చింది. పంజరానికి ఆరడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, దానివైపు చూడకుండా, రోజూ గంటసేపు పేపరు పైకి చదివేవాణ్ణి. అది వెనక్కి జరిగితే నేనూ కుర్చీ వెనక్కి జరిపేవాణ్ణి. అది ఒప్పుకుంటేనే ముందుకి. వేరుశనక్కాయ ఊచలదగ్గర పెట్టి వచ్చేసేవాణ్ణి. నున్నటి కర్ర తీసేసి జామకొమ్మ కట్టాను, పాత పేపర్ల ఉండల్లో గింజలు దాచాను. చింపుకోవడానికి కాగితముంటే ఈకలజోలికి పోదని డాక్టరుగారి సలహా. మూడువారాలకి కుర్చీ మూడడుగుల దగ్గరికి వచ్చింది.

అరుపు మాత్రం ఆగలేదు. పొద్దున్నే మొదలు. ఓ ఆదివారం ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఏందయ్యా ఇది, పొద్దుగాల్నుంచి ఒకటే ఒర్లుడు! పిట్టను ఉంచుకుంటవో, రూము ఉంచుకుంటవో ఆలోచన చేస్కో."

ఇప్పుడు రాయడానికి సిగ్గుపడుతున్న సంగతి. ఆ మర్నాడే ఓ వ్యాసం పంపించాలి. ఎడిటర్‌గారు రెండుసార్లు ఫోన్ చేశారు. జేబులో అద్దె డబ్బు సగమే ఉంది. భానుమతి అరుస్తూనే ఉంది. లేచి నిలబడి, నా గొంతు చించుకుని, "నోర్మూసుకో!" అన్నాను.

అదే మాట!

గది నిశ్శబ్దమైపోయింది. భానుమతి పంజరం మూలకి పోయి, అటు తిరిగి కూర్చుంది. సాయంత్రానికి రొమ్ముమీద కొత్తగా వచ్చిన నూగంతా పీకేసుకుంది. రక్తం చూశాను. మారేడుపల్లి పెద్దమనిషికి వెయ్యేళ్ళు శిక్ష వేసిన జడ్జిగారు అన్నం తినకుండా పడుకున్నారు.

తిరిగి ఇచ్చేద్దామా అనుకున్నాను. ఎవరికి? ఆఫ్రికా పక్షిని సికింద్రాబాద్ ఆకాశంలోకి వదిలితే అది స్వేచ్ఛ కాదు, చావు. ఈ జాతి నలభై యాభై ఏళ్ళు బతుకుతుంది. చేతులు మారిన ప్రతిసారీ మళ్ళీ మొదటి రీలునుంచి మొదలెట్టాలి. డాక్టరుగారికి నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "అది మిమ్మల్ని విసిగించడానికి అరవడం లేదండీ. అడవిలో గుంపుగా బతికే పిట్ట. 'ఎక్కడున్నావ్?' అని అడుగుతోంది. జవాబు చెప్పి చూడండి" అన్నారు.

కుర్చీ మళ్ళీ ఆరడుగుల దూరానికి పోయింది. ఈసారి అది కాస్త నెమ్మదించగానే నేను చిన్నగా ఈల వేసేవాణ్ణి. వంటచేస్తున్నా, స్నానాల గదిలో ఉన్నా సరే. 'ఇక్కడే ఉన్నాను' అని దానర్థం. నెలరోజులకి భానుమతి అరవడానికి బదులు ఈల వెయ్యడం మొదలెట్టింది. మాకు రైల్వేస్టేషన్ దగ్గర కదా, తర్వాత రైలుకూత నేర్చింది. ఆ పైన ఓనరమ్మ కుక్కర్ విజిల్! ఆవిడ పరుగున వచ్చి స్టవ్ ఆర్పితే, కుక్కరు ఇంకా ఆవిరే పట్టలేదట. ఆ రోజునుంచి ఆవిడే జామపండు ముక్కలు తెచ్చి "గిది తింటదా?" అని అడుగుతోంది.

ఐదోనెలలో ఒక సాయంత్రం, నేను పేపరు చదువుతుంటే, తెరిచిన తలుపులోంచి బయటికొచ్చి నా చేతిమీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు చాలాసేపు పెట్టలేదు. తర్వాత పెట్టింది. నేను ఊపిరి బిగబట్టి అదే వార్త నాలుగుసార్లు చదివాను.

శుభం కార్డు వెయ్యమంటారా? తొందరపడకండి. రొమ్ముమీద బూడిదరంగు నూగు వచ్చింది గానీ, కొన్నిచోట్ల ఈకలు ఇక ఎప్పటికీ రావట. చీకట్లో పళ్ళెం పడితే ఇప్పటికీ ఆ గొంతు వస్తుంది, "నోర్మూసుకో!" అని. అది ఆయన గొంతో, నా గొంతో గుర్తుపట్టడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు. వెంటనే ఈల వేస్తాను. అదీ వేస్తుంది.

చివరగా కుర్ర మిత్రులకో మాట. ఇది చదివి చార్మినార్ వైపు పోయి రామచిలకని కొనేరు! మన రామచిలకని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎక్కడైనా పంజరంలో కనబడితే అటవీశాఖకి చెప్పండి. లేదా 1992లో మన 'శివ' హీరోయిన్ అమలగారు మొదలెట్టిన హైదరాబాద్ బ్లూక్రాస్ లాంటి సంస్థకి కబురు పెట్టండి. కత్తిరించిన రెక్కలు ఈక మార్చే కాలంలో మళ్ళీ వస్తాయి. రామచిలకకి ఎగిరిపోవడానికి ఇక్కడే ఆకాశముంది. మా భానుమతికి అది లేదు, అందుకే నేనున్నాను.

వచ్చేవారం కలుద్దాం. భానుమతి పిలుస్తోంది, జవాబు చెప్పాలి.