కొన్న వస్తువునకు యజమాని యెవరు?

అమెరికాలో హ్యూమేన్ కంపెనీవారు 2024 ఏప్రిల్‌లో ఏఐ పిన్ అను వింత పరికరమును విక్రయమునకు దెచ్చిరి. చొక్కాకు తగిలించుకొని ప్రశ్నించినచో బదులు చెప్పును. అరచేయి చాచినచో అందు వెలుతురుతో అక్షరములు చూపును. వెల 699 డాలర్లు. అదిగాక నెలకు 24 డాలర్ల చందా. పరీక్షించిన విమర్శకులనేకులు పెదవి విరిచిరి. వింత వస్తువులు వచ్చుచుండును, పోవుచుండును. అందుకు మేము విచారింపము. ఇది పోయిన విధమే మాకాక్షేపణీయముగా నున్నది.

2025 ఫిబ్రవరి 18వ తేదీన, తమ ఆస్తులలో పెక్కింటిని 11 కోట్ల 60 లక్షల డాలర్లకు హెచ్‌పీ కంపెనీ కొనుచున్నదని ప్రకటించి, అదే నెల 28తో పిన్ను సేవలు నిలిచిపోవుననిరి. పదిదినముల గడువు! 90 దినముల వాపసు గడువు మిగిలియున్నవారికే సొమ్ము; తక్కినవారికి లేదు. బ్యాటరీలో నెంత మిగిలినదో మాత్రము చూచుకొనవచ్చునట.

దస్తావేజు వ్రాయించుకొని కొన్న పొలమును, అమ్మినవాడు దివాలా తీసినాడని యెవరైన విడిచిపెట్టుదురా? ఇచ్చట వస్తువు కొన్నవాని చొక్కాపై నున్నను, ఏడు సముద్రముల కావలి చిలుకలో మాంత్రికుని ప్రాణమువలె, దాని ప్రాణము కంపెనీవారి సర్వరులో నున్నది. మన కేంద్ర ప్రభుత్వమువారు 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై పోర్టలును తెరచిరి. మంచిదే. కాని చెడకుండగనే ఆర్పివేయబడినదానికి మరమ్మతేది? సర్వరు నెన్నేండ్లు నడపుదురో అమ్మువారు పెట్టెపైననే అచ్చువేయవలెనని, ముందుగా నాపినచో వెల వాపసు చేయవలెనని శాసనము కావలెను.