ట్రైలర్‌లో దాక్కున్న విలన్‌ను వెతికేవాళ్ల ప్రణాళిక

మేము ట్రైలర్లు చూసేవాళ్లం. మూడు నిమిషాల ట్రైలర్‌ను మూడు రాత్రులు చూసేవాళ్లం. ఆపి, వెనక్కి జరిపి, వేగం పావువంతుకు తగ్గించి, ఫోన్ వెలుగు చివరిదాకా పెంచి చూస్తాం. పొగ వెనకాల నిలబడ్డది ఎవరు, అద్దంలో పడ్డ నీడ ఎవరిది, ఆ నవ్వు ఎవరి గొంతు అని వాదించుకుంటాం. పనీపాటా లేనివాళ్ల పని అని ఇంట్లోవాళ్లు అంటారు. మేము ఒప్పుకోం. ఇంకా మన ముందుకు రాని కథ గురించి పదిమంది కూర్చుని ఆలోచించడం, ఒకరి ఊహను ఇంకొకరు పడగొట్టడం, పడగొట్టినవాళ్లకే టీ ఇప్పించడం మాకు సినిమా అంత ఇష్టం. ఇష్టం కాబట్టే దానికి కొన్ని కట్టుబాట్లు ఉండాలనుకున్నాం. అవే ఇవి.

వీటికి మూలం ఒక సినిమా. స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్.

దాని మొదటి ట్రైలర్ 2021 ఆగస్టు 23న వచ్చింది. ఒక్క రోజులో 35 కోట్లకు పైగా వ్యూస్. అందులో నేల మీద దొర్లుకుంటూ వచ్చిన గుమ్మడికాయ బాంబు ఒకటి, దాని వెంట ఒక నవ్వు. 2002 నాటి మొదటి స్పైడర్‌మ్యాన్ చూసినవాళ్లకు అది గ్రీన్ గాబ్లిన్ అని చెప్పక్కర్లేదు. చివర్లో ఇనుప చేతులతో డాక్టర్ ఆక్టోపస్, అంటే ఆల్ఫ్రెడ్ మొలీనా. తాను వస్తున్నట్టు ఆయన ఏప్రిల్‌లోనే ఒక ఇంటర్వ్యూలో చెప్పేశారు కాబట్టి అది రహస్యం కాదు. మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇంకొక షాట్: చీకట్లో పసుపుపచ్చని మెరుపు, దానితోపాటే లేచిన ఇసుక. మెరుపు అంటే ఎలక్ట్రో. ఇసుక అంటే శాండ్‌మ్యాన్. కానీ 2014 సినిమాలో ఎలక్ట్రో మెరుపు నీలం కదా, ఇది పసుపేంటి? వారం రోజులు ఆ రంగు మీదే వాదన నడిచింది.

నవంబర్ 16న రెండో ట్రైలర్ వచ్చేసరికి లెక్క ఐదుకు చేరింది. గాబ్లిన్, ఆక్టోపస్, శాండ్‌మ్యాన్, లిజార్డ్, ఎలక్ట్రో. ఐదు అనగానే కామిక్స్ చదివినవాళ్ల మనసు ఆరుకు పరిగెత్తింది. 1964లో వచ్చిన ఒక స్పైడర్‌మ్యాన్ వార్షిక సంచికలో ఆరుగురు విలన్లు జట్టు కట్టారు. దాని పేరు సినిస్టర్ సిక్స్. ఐదుగురు కనిపించారంటే ఆరోవాడు ఎక్కడో దాక్కుని ఉండాలి. వల్చర్ అన్నాడొకడు, రైనో అన్నాడింకొకడు, మిస్టీరియో చావలేదని మూడోవాడు పేజీలకు పేజీలు రాశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆరోవాడు సినిమాలో లేడు. మేము మాత్రం ఆరుగురికి నామకరణాలు చేసేశాం.

ఒక విషయంలో మా వెతుకులాట నిలబడింది. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చుట్టూ కట్టిన పరంజా మీద శాండ్‌మ్యాన్, ఎలక్ట్రో, లిజార్డ్ ముగ్గురూ దూకుతుంటే ఎదురుగా ఈ సినిమా స్పైడర్‌మ్యాన్ టామ్ హాలండ్ ఒక్కడే ఉంటాడు. బ్రెజిల్‌లో విడుదలైన ట్రైలర్‌లో అదే షాట్‌ని జాగ్రత్తగా చూస్తే, ఎవరూ తాకకుండానే లిజార్డ్ తల గుద్దు తిన్నట్టు వెనక్కి పోతుంది. గుద్దినవాణ్ని కంప్యూటర్‌లో చెరిపేశారు, తగిలిన దెబ్బను చెరపడం మరిచారు. పాత సినిమాల స్పైడర్‌మ్యాన్‌లు ఇద్దరూ అక్కడ ఉన్నారని ఆ ఒక్క ఫ్రేమ్ చెప్పింది. డిసెంబర్ 16న, అమెరికాకంటే ఒక రోజు ముందే, తెలుగు డబ్బింగ్‌తో సహా సినిమా మన థియేటర్లలోకి వచ్చింది. వాళ్లిద్దరూ తెర మీదికి రాగానే హాలు దద్దరిల్లింది. మేము ఒకళ్ల భుజాలు ఒకళ్లం చరుచుకున్నాం.

ఇంటికి వచ్చి మళ్లీ ట్రైలర్ పెట్టాం. అప్పుడు వినపడింది, అన్నాళ్లూ వినపడనిది.

రెండో ట్రైలర్‌లో డాక్టర్ స్ట్రేంజ్ నోరు తెరిచి చెబుతాడు: వీళ్లంతా స్పైడర్‌మ్యాన్‌తో పోరాడుతూ చనిపోయేవాళ్లే, అది వాళ్ల రాత. స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న పీటర్ ఒప్పుకోడు, ఇంకో దారి వెతుకుతానంటాడు. సినిమా మొత్తం అదే. విలన్లను చంపే కథ కాదు, వాళ్లకు వైద్యం చేసి బతికించాలనుకున్న కుర్రాడి కథ. ట్రైలర్ ఆ సంగతిని పొగలో దాచలేదు, మసక చేయలేదు, మాటల్లోనే చెప్పింది. మేము పరంజా మీద తలలు లెక్కపెడుతూ ఉండిపోయాం. ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. స్ట్రేంజ్ మాట నిజం కూడా కాదు. 2007 నాటి సినిమా చివర శాండ్‌మ్యాన్ చనిపోడు, పీటర్ క్షమిస్తే గాలిలో కలిసి వెళ్లిపోతాడు. 2012 సినిమాలో లిజార్డ్ మళ్లీ మనిషిగా మారి, పడిపోబోతున్న పీటర్‌ను తన చేత్తో పట్టుకుని కాపాడతాడు. అంటే ఐదుగురిలో ఇద్దరు బతికే ఉన్నారు. పాత సినిమాలన్నీ కంఠతా వచ్చినవాళ్లం, ఆ మాట చెవిన పడగానే 'రాత తప్పించుకున్నవాళ్లు ఇద్దరున్నారు కదా' అని లేచి కూర్చోవలసినవాళ్లం. ఒక్కరికీ తట్టలేదు. పసుపు మెరుపు, ఇసుకల షాట్ కూడా అంతే. ఇద్దరు కలిసి పీటర్ మీద పడుతున్నారని మేము రాసుకున్నాం. సినిమాలో అక్కడ ఇసుక పీటర్ పక్షాన నిలబడి ఎలక్ట్రోను అడ్డుకుంటుంది.

అందుకని మా మొదటి సూత్రం. విలన్ ఎవరని అడిగే ముందు వాడికి ఏం కావాలని అడుగుతాం. పేరు పట్టుకోవడం సులువు, దానికి పాత సంచికల జాబితా చాలు. కోరిక పట్టుకోవాలంటే కథ అర్థం కావాలి. తెలుగువాళ్లకు ఇది వేరేవాళ్లు నేర్పాల్సిన పాఠం కాదు. 2015 జూలై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా మనం అడిగిన ప్రశ్న గుర్తు చేసుకోండి. బాహుబలికి కత్తి దింపింది కట్టప్ప అని ఆ సినిమా మొదటి భాగమే చెప్పేసింది. ఎవరు అన్నది తేలిపోయాక కూడా దేశమంతా దాదాపు రెండేళ్లు ఒక్క 'ఎందుకు' పట్టుకుని కూర్చుంది. ఊహకు అంతకంటే మంచి మేత లేదు. మా కాపీల్లో ప్రతి పేరు పక్కనా ఎందుకు అన్న గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ ఊహను నలుగురిలో పెట్టం.

చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరు. మూడింటినీ మూడు వరుసల్లో రాస్తాం. 'లిజార్డ్ తల వెనక్కి పోయింది' చూసింది. 'అక్కడ ఎవరినో చెరిపేశారు' అనుకున్నది. రెండోది నిజమైనా సరే, మొదటి వరుసలోకి ఎక్కించం.

ట్రైలర్ సాక్ష్యమే, కానీ సరుకు అమ్ముకునేవాడు తయారుచేసిన సాక్ష్యం. 2017 నవంబర్‌లో వచ్చిన ఇన్ఫినిటీ వార్ ట్రైలర్‌లో వకాండా మైదానంలో అందరితో కలిసి హల్క్ పరిగెత్తుతాడు. సినిమాలో ఆ షాట్ లేదు. హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్ ఎంత బతిమాలినా హల్క్ బయటికి రాకపోవడమే అక్కడ కథ. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ట్రైలర్లకు వర్తించదు. అక్కడ పొగ వేరే గదిలో తయారవుతుంది. దీన్ని మేము మోసం అనం. సినిమా హాల్లో మాకు దక్కాల్సిన ఆశ్చర్యాన్ని కాపాడటానికి అబద్ధమాడే ఎడిటర్ మీద మాకు గౌరవం ఉంది. 2015 డిసెంబర్‌లో బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ ట్రైలర్ చివరి విలన్ డూమ్స్‌డేని ముందే బయటపెట్టేసినప్పుడు మాకు కలిగిన బాధ ఎక్కువ. వెతకడానికి ఏమీ మిగల్చలేదు.

చీకట్లో ఉన్నవాడినే అనుమానించం. ఈ ఒక్క తప్పు మేము ఎన్నిసార్లు చేశామో! 2013లో ఐరన్ మ్యాన్ 3 ట్రైలర్ నిండా గడ్డంతో, ఉంగరాలతో మాండరిన్ ఉరుముతుంటే మేము ఆయన ఉంగరాలు లెక్కపెట్టాం. సినిమాలో ఆయన కిరాయికి తెచ్చుకున్న నటుడు, అంతే. వెనక ఉండి నడిపించింది శుభ్రమైన బట్టల్లో వెలుగులో కనబడ్డ ఆల్డ్రిచ్ కిలియన్. 2021 తొలి నెలల్లో వాండావిజన్ వస్తున్నప్పుడు ప్రతి ఎపిసోడ్‌లోనూ మెఫిస్టో అనే దయ్యం కోసం గోడలు, పురుగులు, పరదాలు గాలించాం. మెఫిస్టో రానేలేదు. ఒక ఊరి జనాన్నంతా తన దుఃఖంలో బంధించి కూర్చున్నది వాండానే, సిరీస్ పేరులోనే ఉన్న మనిషే. అంత చూసి కూడా మళ్లీ అదే పొరపాటు. మరుసటి ఏడాది మే నెలలో వచ్చిన డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమా ట్రైలర్‌లో ఆయన సాయం కోసం వాండా దగ్గరికి వెళతాడు. మేము మొదటి సినిమాలో స్ట్రేంజ్‌కు దూరమైన మోర్డోను అనుమానించాం, ఇంకో లోకపు స్ట్రేంజ్‌ను అనుమానించాం. సాయం అడిగించుకున్న ఆమె ఆ సినిమా విలన్. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లికి ఏం కావాలన్న ప్రశ్న ఒక్కసారి వేసుకుని ఉంటే చాలు, దొరికేది.

కామిక్స్ మాకు ప్రాణం. కానీ అవి సినిమావాళ్లు రాసిచ్చిన పత్రం కావు. మిస్టీరియో మోసగాడని 1964 నుంచీ పాఠకులకు తెలుసు కాబట్టి 2019 స్పైడర్‌మ్యాన్ ట్రైలర్‌లో అతణ్ని వీరుడిగా చూపించినా మేము నమ్మలేదు, అక్కడ కామిక్స్ పనికొచ్చాయి. సినిస్టర్ సిక్స్ దగ్గర అవే మమ్మల్ని ముంచాయి. పాత సంచికలోంచి వచ్చిన ఊహను పెన్సిల్‌తో రాస్తాం. ట్రైలర్‌లోంచి వచ్చినదానికే పెన్ను.

లీకైన వీడియోలను ముట్టుకోం. ఇందులో బేరాలు లేవు. నో వే హోమ్ మొదటి ట్రైలర్ అధికారికంగా రావడానికి ఒక రోజు ముందే దొంగచాటుగా బయటపడింది. గ్రాఫిక్స్ పూర్తికాని షాట్లు, వణికే చిత్రం. మాలో కొందరు చూశారు. ఆ కొందరూ ఇవాళ ఈ వాక్యం కింద సంతకం పెడుతున్నారు. ఒక షాట్ మీద నెలల తరబడి కూర్చున్న మనిషి పని సగంలో ఉండగా లాక్కొచ్చి చూడటం వెతుకులాట కాదు. 2013 సెప్టెంబర్‌లో అత్తారింటికి దారేది సగం సినిమా బయటికి వచ్చేస్తే విడుదల తేదీని హడావిడిగా ముందుకు జరుపుకోవాల్సి వచ్చింది. ఆ వారం తెలుగు సినిమాను ప్రేమించిన ప్రతివాడికీ కడుపు మండింది. ఊరు దాటితే ఆ న్యాయం మారదు.

నటుల్ని నిలదీయం. పాత స్పైడర్‌మ్యాన్‌లలో ఒకరైన ఆండ్రూ గార్ఫీల్డ్ తాను నో వే హోమ్‌లో లేనని నెలల తరబడి, అడిగిన ప్రతిచోటా చెప్పారు. మా కోసమే అబద్ధమాడారు. ఆయన్ను అబద్ధాలకోరు అన్నవాళ్లు మాలో ఉంటే క్షమాపణ చెప్పుకోవాలి. ఆధారాల కోసం ట్రైలర్ దగ్గరికి వెళదాం, మనిషి ఇంటికీ ఫోన్‌కీ వెళ్లొద్దు.

తప్పితే తప్పాం అని చెబుతాం. పాత పోస్టు చెరపం, మాట మార్చం. తొలి ఆట చూసిన రాత్రే, ఏ ఊహ ఎక్కడ తప్పిందో ఊహించినవాళ్లే నలుగురి ముందు చదవాలి. పీటర్ నలుపు, బంగారు రంగుల సూట్ మంత్రశక్తిదని పందెం కాసిన మిత్రుడు, అది రంగు పడితే తిరగేసి తొడుక్కున్న పాత సూటే అని తేలిన రాత్రి నవ్వుతూ చదివాడు. ఆ రాత్రి మాకందరికీ గుర్తుంది.

సినిమా వచ్చాక నోరు కట్టేసుకుంటాం. ఊహను ఎంతమందికైనా చెప్పొచ్చు, తెలిసినదాన్ని మాత్రం అడిగినవాళ్లకే చెప్పాలి. పరీక్షలున్న తమ్ముడికి, రాత్రి షిఫ్టులో ఉన్న అక్కకు, నెలాఖరు జీతం కోసం ఆగిన అన్నకు సినిమా మనకంటే ఆలస్యంగా అందుతుంది. వాళ్ల మొదటి ఆట వాళ్లది.

ఇప్పుడు ముందున్న పని. అవెంజర్స్: డూమ్స్‌డే 2026 డిసెంబర్ 18కి అని ప్రకటించారు. ఇందులో విలన్ పేరు దాచలేదు, ముఖమూ దాచలేదు. 2024 జూలై 27న శాన్ డియెగో కామిక్ కాన్ వేదిక మీద ఆకుపచ్చని అంగీలో నిలబడ్డ మనిషి మాస్క్ తీస్తే రాబర్ట్ డౌనీ జూనియర్. లోకాన్ని కాపాడటానికి ప్రాణం ఇచ్చిన టోనీ స్టార్క్ ముఖమే డాక్టర్ డూమ్‌కు. ఆరోవాడి కోసం, మెఫిస్టో కోసం మళ్లీ గోడలు గాలించే అవకాశం ఉంది, ఆ తీపి మాకూ తెలుసు. కానీ ప్రతి ట్రైలర్‌నూ మేము ఇలా చూస్తాం: మొదటిసారి ఆపకుండా, అందరం కలిసి. రెండోసారి కళ్లు మూసుకుని, మాటలు మాత్రమే వింటూ. ఫ్రేములు ఆపడం మూడోసారి నుంచే.

కొత్త కాపీ తెచ్చాం. మొదటి పేజీ పైన 'డూమ్‌కు ఏం కావాలి?' అని పెన్నుతో రాశాం. దాని కింద పెన్సిల్‌తో రెండు జవాబులున్నాయి, రెండూ కామిక్స్‌లోంచి తెచ్చుకున్నవే: నరకంలో చిక్కుకున్న తల్లి ఆత్మకు విడుదల అని ఒకరు, తను తప్ప ఈ లోకాన్ని ఎవరూ నడపలేరన్న నమ్మకం అని ఇంకొకరు. మిగతా పేజీ ఖాళీ. రబ్బరు పక్కనే పెట్టాం.